తుడవక ముందు చూసిన తుపాకీ

గద్వాలలో నన్ను తుపాకుల నర్సింలు అంటారు. మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాడికి ఈ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో పని నేర్చుకున్నాను, తర్వాత ఆ దుకాణమే నడిపాను, ఈమధ్య చూపు మందగించాక మూసేశాను. తుపాకులు అమ్మడం కంటే పాతవాటికి ధర కట్టడమే నా అసలు పని. లైసెన్సుదారు చనిపోయిన ఇళ్ళవాళ్ళు, ముసలితనంలో ఇక వద్దనుకునేవాళ్ళు, అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి వాడిన తుపాకీ కొందామని వచ్చే రైతులు మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి అడుగుతుంటారు, పైకింద గొట్టాల తుపాకీకి ధర ఎట్లా కట్టాలని. మామూలు జంట గొట్టాల తుపాకీలో రెండు గొట్టాలూ పక్కపక్కన ఉంటాయి. దీంట్లో ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మన వైపు ఇవి తక్కువ. అందుకే చూడగానే కొత్తవాళ్ళకు నోరూరుతుంది. వాళ్ళకు ఒక పట్టిక కావాలి, ఇన్నేళ్ళ పాతదైతే ఇంత, ఫలానా దేశంలో చేసిందైతే ఇంత అని. అట్లాంటి పట్టిక నా దగ్గర లేదు. ఉన్నా ఇవ్వను.

పాన్‌గల్ దగ్గరి ఊరి నుంచి బాలమణి అనే రైతు ఇల్లాలు ఒకసారి భర్త తుపాకీని అమ్మకానికి తెచ్చింది. ఆయన చనిపోయింది ఆ తుపాకీ దెబ్బకే. ధర ఎంతని ఆమె అడగలేదు. తన భర్త కావాలనే తనను వదిలిపోయాడా, లేక ప్రమాదం జరిగిందా అన్న ఒక్కటే ఆమెకు కావలసింది. ధర కట్టేవాడిని ఆ మాట అడగవచ్చని అప్పటివరకు నాకు తోచలేదు. ఆ రోజు నాకు ఏం అక్కరకొచ్చిందో చెప్పాలంటే, ముందు నేను పని ఎట్లా నేర్చుకున్నానో చెప్పాలి.

స్నానం చేయించిన తుపాకీ

నాకు పని నేర్పింది కరీం సాబ్. దుకాణం ఆయనది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. నమాజు వేళ తప్పిస్తే రోజంతా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేవాడు. కానీ తుపాకీ బల్ల మీదికి రాగానే గొంతు దానంతటదే తగ్గేది.

ఒకసారి అమరచింత నుంచి ఒక పటేలు తుపాకీ తెచ్చాడు. ఇంట్లో పనివాళ్ళతో బాగా తోమించి, కర్రకు కొత్తగా పాలిష్ పెట్టించి తెచ్చాడు. గొట్టాల్లో ముఖం చూసుకోవచ్చు. కరీం సాబ్ దాన్ని ముట్టుకోలేదు.

"ఏంది పటేలా, పెండ్లికొడుకు లెక్క స్నానం చేపిచ్చి తెచ్చినవ్?"

"మంచిగ కనిపియ్యాలె గద సాబ్."

"మంచిగ కనిపియ్యొద్దు. ఉన్నది ఉన్నట్టు కనిపియ్యాలె. దీని మీద తుప్పు యాడుండెనో ఇప్పుడు నాకెట్ల తెలుస్తది? నూనె యాడికెల్లి కారెనో ఎట్ల తెలుస్తది? తీస్కపో. మల్ల మురికి పట్టినంక తీస్కరా."

పటేలు ఎర్రబడిన ముఖంతో వెళ్ళిపోయాడు. కరీం సాబ్ నా వైపు తిరిగాడు. "నర్సింలూ, యాదికుంచుకో. తుడవక ముందు చూడాలె. తుడిచిన తుపాకీ అంటే మొఖం కడుక్కున్న దొంగ. ఏమడిగినా నాకేం తెల్వదంటది."

ఆ నోటిదురుసు మీరు నేర్చుకోవద్దు. దానివల్ల మా దుకాణం మంచి మనుషులను కూడా పోగొట్టుకుంది. ఆ సూత్రం మాత్రం నేర్చుకోండి. తుపాకీ చేతికి రాగానే గుడ్డ తీసుకోవాలని చెయ్యి ఉబలాటపడుతుంది. ఆ చేతిని ఆపుకోవాలి. దుమ్ము ఎక్కడ పేరుకుంది, నూనె ఎక్కడ చిక్కబడింది, తుప్పు ఏ వైపు లేచింది అన్నవన్నీ దాన్ని వాడినవాళ్ళ అలవాట్లు. ఒక్కసారి తుడిచామంటే అవి మళ్ళీ రావు.

చెయ్యి, చెవి, ఆ తర్వాతే కన్ను

మా నాయన గద్వాల చీరలు నేసేవాడు. నూలు చీరకు పట్టు అంచును పోగుకు పోగు మెలివేసి కలపడం ఆ నేతలో అసలు కష్టం. కలిపిన చోటును ఆయన కళ్ళతో చూసేవాడు కాదు. కళ్ళు మూసుకుని బొటనవేలితో రాసేవాడు. ఎక్కడైనా పోగు వదులైతే వేలు ఆగిపోయేది. మగ్గం నాకు అబ్బలేదు గానీ ఆ బొటనవేలు అబ్బింది. కరీం సాబ్ నన్ను పనిలో పెట్టుకున్నది అందుకేనని తర్వాత ఎవరితోనో అంటుంటే విన్నాను. నాతో మాత్రం ఒక్కనాడూ అనలేదు.

తుపాకీని ముందు చేత్తో చూడండి. గొట్టాల కింద ఉండే ముందుకర్ర ఊడదీసి, తుపాకీని మూసి, మెల్లగా అటూ ఇటూ ఊపండి. గొట్టాలు వంగే బందు దగ్గర కదలిక తెలిస్తే అది అరిగినట్టే. తెరిచే లివర్ ఎక్కడ ఆగుతుందో చూడండి. గట్టిగా ఉన్న తుపాకీలో అది కొంచెం కుడివైపునే ఆగుతుంది, అరిగేకొద్దీ మధ్యకు వచ్చి, ఆపైన ఎడమకు పోతుంది. తర్వాత చెవి. గొట్టాలను విడదీసి, బందుకు తగులుకునే కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి, ఇంకో చేతి వేలి గణుపుతో తట్టండి. గంట మోగినట్టు మోగితే రెండింటినీ కలిపే అతుకు గట్టిగా ఉంది. జీరగా పలికితే ఎక్కడో విడిచింది. కన్ను ఆ తర్వాత. గొట్టం లోపలికి వెలుతురు పట్టి చూస్తే నున్నటి గోడ కనబడాలి. ఎక్కడైనా ఉంగరంలా నీడ తిరిగిందా, అక్కడ గొట్టం ఉబ్బింది. ఇంకేమీ చూడనక్కర్లేదు, తిప్పి పంపండి.

పైకింద తుపాకీలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఎక్కువమంది మొదట కింది గొట్టమే పేలుస్తారు, పైది ఎప్పుడో గానీ పేలదు. అమ్మేవాడు మీకు పై గొట్టం చూపించి మురిపిస్తాడు. మీరు కిందిది చూడండి.

చెక్కిన నగిషీలకు మురిసిపోవద్దు. కథలకు అసలే వద్దు. మా దుకాణానికి వచ్చిన ప్రతి పాత తుపాకీ అయితే గద్వాల సంస్థానానిది, లేకుంటే వనపర్తి సంస్థానానిది. రాజావారు స్వయంగా మా తాతకు ఇచ్చారని చెప్పని మనిషిని నేను చూడలేదు. ఆ లెక్కన చూస్తే రాజుల దగ్గర చివరికి కర్రలే మిగిలి ఉండాలి.

ఉప్పునుంతల నుంచి వచ్చిన ఒక రైతు సంగతి చెప్పి ముందుకు పోతాను. ఆయన తుపాకీని గోడకు ఆనించి ఉంచితే పై గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు పెట్టుకుంది. చూసుకోకుండా పేల్చాడు. అదృష్టం బాగుండి గొట్టం పగల్లేదు, ఉబ్బి ఊరుకుంది. దాన్నే అమ్మిపెట్టమన్నాడు.

"లోపట గద సార్, ఎవలికి కనపడ్తది?"

"కొన్నోని చెంపకు కనపడ్తది" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది, నా చాదస్తం గురించి బస్టాండు దాకా అందరికీ చెప్పుకుంటూ పోయాడట. పోనీ. ధర కట్టేటప్పుడు అమ్మేవాడు మన ఎదురుగా కూర్చుంటాడు, కొనేవాడు ఇంకా రాలేదు. ఆ రాని మనిషి తరఫున కూర్చోవడమే మన పని. పేల్చేటప్పుడు గొట్టం పక్కన ఉండేది అతని ముఖం.

దసరా మరక

మన జిల్లాల్లో తుపాకీకి వేట కంటే ఎక్కువ హాని చేసింది దసరా. కోపం తెచ్చుకోకండి, నేనూ పూజ చేసేవాడినే. ఆయుధపూజ నాడు కొడవలి, గొడ్డలి, నాగలి పక్కన తుపాకీ కూడా పీట ఎక్కుతుంది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, కంకణం. తడి పసుపు దారాన్ని గొట్టాలకు చుట్టి కడతారు. కంకణం విప్పకూడదని మళ్ళీ దసరా దాకా అట్లాగే ఉంచుతారు. దాని కింద ఉక్కు తుప్పు పట్టి ఒక వలయం పడుతుంది. మన వైపు తుపాకుల్లో ఆ మచ్చ లేనివి తక్కువ. దానికి ధర కొంచెం తగ్గించండి గానీ పెద్ద దోషంగా చూడకండి.

నేను భయపడేది నూనెకు. కొన్ని ఇళ్ళలో ఆ రోజు తుపాకీకి "నూనె తాపడం" అని ఒక అలవాటు ఉంది. దీపంలో పోయగా మిగిలిన నువ్వుల నూనెను తుపాకీ తెరిచి సందుల్లో పోస్తారు. నాగలికి, బండి ఇరుసుకు పెట్టినట్టే దీనికీ పెడతారు, అది చల్లగా ఉంటే ఇంటి మనిషి చల్లగా ఉంటాడని. పోసినప్పుడు జారుడుగానే ఉంటుంది. నెలలు గడిచేసరికి బంకవుతుంది. దాని మీద మళ్ళీ దసరా వస్తుంది, మళ్ళీ పోస్తారు. తుపాకీకి వాడే నూనె వేరు. అది కూడా చుక్క పెట్టి తుడిచెయ్యాలి.

కరీం సాబ్ ఈ విషయంలో గొంతు పోయేలా అరిచేవాడు. "దేవునికి దీపంల నూనె చాలు, తుపాకీకి ఎందుకు తాపుతరు?" అని. వచ్చిన మగవాళ్ళు తలూపేవాళ్ళు. ఇంటికి పోయి ఆ మాట ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. పూజ చేసేది ఆడవాళ్ళు. లైసెన్సు మగవాళ్ళ పేరు మీద ఉంటుంది కాబట్టి మేము మాట్లాడేది మగవాళ్ళతోనే. మా దుకాణం గడప తొక్కిన ఆడవాళ్ళు అరుదు. ఇది మా వృత్తిలో అందరమూ చేసిన పొరపాటు, అది పొరపాటని మాకు తోచను కూడా లేదు.

బాలమణి అడిగిన మాట

కరీం సాబ్ కాలం చేశాక దుకాణం నా చేతికి వచ్చింది. చలి ముదిరిన రోజుల్లో ఒక పొద్దున బాలమణి, ఆమె మరిది కుర్మయ్య వచ్చారు. కేసు ముగిసి, ఠాణాలో ఉన్న తుపాకీని అమ్మకానికి మా దుకాణంలో అప్పజెప్పమని కాగితం అయింది. ఠాణా మనిషి వెంట వచ్చి, తుపాకీ నాకు ఒప్పగించి, సంతకం తీసుకుని వెళ్ళాడు.

కుర్మయ్య మాటకారి. "మా అన్న బుచ్చన్నది సార్. మా నాయన ఎవలో ఫారెస్టు సారు కాడ కొన్నడంట. ఎంతొస్తె గంతకు ఇచ్చెయ్యి. ఇంట్ల ఇది ఉండొద్దు."

ఆమె తలుపు దగ్గరి బల్ల మీద కూర్చుంది. తుపాకీ వైపు చూడలేదు. బక్కపలచటి మనిషి, కొంగు చివరను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది.

తుపాకీని తుడవకుండానే కంబళి మీద పెట్టాను. పైకింద గొట్టాలది, విదేశీ పని. కర్ర మీద ఠాణా గదిలోని దుమ్ము. గొట్టాల మీద రంగు వెలిసిన కంకణం. దాన్ని తీయడానికి కత్తెర అందుకుంటే ఆమె మొదటిసారి నోరు తెరిచింది.

"తెంపకన్నా. ఇప్పి ఇయ్యి. నేను కట్టింది."

విప్పి చేతికిచ్చాను. దాని కింద నేననుకున్న వలయమే ఉంది. మిగతాది చూస్తూ పోయాను. బందులో కదలిక లేదు. లివర్ కుడివైపునే ఆగింది. గొట్టాలు చక్కగా మోగాయి. కింది గొట్టం కూడా లోపల నున్నగా ఉంది. మంచి తుపాకీ అన్నాను, ధర బాగానే వస్తుందన్నాను. కుర్మయ్య ముఖం విచ్చుకుంది.

ఆమె లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఇది ఒత్తకుంటనే పేలుతదా?"

"వదినా, మల్ల మొదలువెడ్తివా?" అన్నాడు కుర్మయ్య. నా వైపు తిరిగి చెప్పాడు. "కేసు ప్రమాదమనే కొట్టేసిన్రు సార్. తుపాకీని పరీక్షకు గూడ పంపిన్రు, మంచిగనే పని చేస్తున్నదని రాసిన్రు. ఊరోళ్ళు తలా ఒక మాట అంటరు. ఈమె మనసుల పెట్టుకున్నది."

"ఊరోళ్ళ మాటకు కాదు" అందామె. "నేను అన్న మాటకు."

ఆమె ఆపకుండా, కళ్ళు బల్ల మీదే పెట్టి చెప్పింది.

"పందులు పల్లి చేను సగం బోర్లేసి పోయినై అన్నా. కావలికి పోయిన మనిషి మంచె మీద నిద్రపోయిండు. పొద్దుగాల చేను జూస్తె నాకు కడుపు కాలింది. నువ్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని ఆయన్ని అన్న. ఆయన మల్ల మాట అనలే. బువ్వ గూడ తినలే. తుపాకీ తీస్కొని చేన్లకు పోయిండు. పొద్దుగూకంగ సప్పుడైంది. పందిని కొట్టిండనుకున్న. నేను సంబురపడ్డ అన్నా, ఆ సప్పుడు ఇని."

బుచ్చన్న మంచె నిచ్చెన కింద పడి ఉన్నాడట. తుపాకీ పక్కనే ఉంది. చూసినవాళ్ళు ఎవరూ లేరు.

"ఆయన నా మాటకే పోయిండా? అది చెప్పు. ఏదైతె అదాయె, నాకు తెల్వాలె."

నేను దాన్ని చెప్పలేను అనబోయాను. పరీక్ష చేసినవాళ్ళను తప్పు పట్టడానికి కూడా లేదు. ఆ తూటా ఈ తుపాకీదేనా, ఇది పని చేస్తుందా అన్నవే వాళ్ళను అడిగిన ప్రశ్నలు. ఒత్తకుండా పేలుతుందా అని ఎవరూ అడగలేదు. ఈమె అడుగుతోంది. అడిగిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు చూడకుండా ఎట్లా పంపను?

ఇట్లాంటి తుపాకీని వంచి తెరిచినప్పుడు లోపల రెండు చిన్న సుత్తులు వెనక్కు పోతాయి. ఒక్కోదాన్ని ఒక్కో కొక్కెం పట్టి ఆపుతుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం తప్పుకుంటుంది, సుత్తి పడుతుంది, తూటా పేలుతుంది. సేఫ్టీ వేస్తే చాలా తుపాకుల్లో ఆగేది ట్రిగ్గర్ మాత్రమే, సుత్తి కాదు. కొక్కెం సరిగ్గా కూర్చోకపోతే సేఫ్టీ వేసి ఉన్నా ప్రమాదమే. తుపాకీ పెట్టుకున్నవాళ్ళలో చాలామందికి ఇది తెలియదు.

పరీక్షకు వాడే వట్టి తూటాలు పెట్టి, తుపాకీ మూసి, సేఫ్టీ వేశాను. భుజానికి ఆనించే కర్ర అడుగును కింద పరిచిన రబ్బరు పట్టా మీద తట్టాను. ఏమీ కాలేదు. కుర్మయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. తెరిచి, మూసి, మళ్ళీ తట్టాను. లోపల టక్కుమంది. పై గొట్టం సుత్తి పడిపోయింది. నా వేలు ట్రిగ్గర్ దగ్గర లేదు. మళ్ళీ చేశాను. ఒకసారి నిలబడింది, ఇంకోసారి పడింది. ఆ తర్వాత ఎప్పుడు నిలబడుతుందో ఎప్పుడు పడుతుందో తెలియకుండా అట్లాగే చేసింది.

ఆమె ప్రతిసారీ ఆ చప్పుడు విన్నది. 

కర్రను పట్టి ఉంచే బోల్టు విప్పి, కర్రను జరిపి లోపల చూశాను. సుత్తుల వెనక, కొక్కేల కింద, స్ప్రింగుల మధ్య పచ్చటి బంక పేరుకుని ఉంది. కొక్కేలు కిందికి దిగాల్సిన చోట అది అడ్డుపడి, అవి అంచు మీదే ఆగుతున్నాయి. బంకలో అక్కడక్కడా ఎర్రటి రేణువులు. కుంకుమ. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే దేవుడి గూటి వాసన వచ్చింది.

నేను తల ఎత్తలేకపోయాను. ప్రమాదం అయి ఉండవచ్చని ఈమెకు చెప్పడానికి నా దగ్గర ఇప్పుడు ఆధారం ఉంది. ఆ ఆధారం ఈమె చేత్తో పోసిన నూనె. పాత గ్రీజు అంటే సరిపోతుంది. కుర్మయ్యకు తేడా తెలియదు. ఉన్నది ఉన్నట్టు చూడాలని కరీం సాబ్ చెప్పింది తుపాకీ గురించి. మనిషికి కూడా అట్లాగే చెప్పాలా అన్నది ఆయన నేర్పలేదు. ఆ క్షణంలో ఈ పని ఎందుకు నేర్చుకున్నానా అనిపించింది.

నేను ఏదీ చెప్పకముందే ఆమె వంగి చూసింది.

"ఇది నా దీపం నూనె గద."

కుర్మయ్య ఆమె భుజం దగ్గరికి వచ్చాడు. ఆమె అతన్ని చూడలేదు, నన్నే చూసింది.

"దీంతోనేనా అన్నా?"

అవునని చెప్పాను. "దీంతోనే చెల్లె. దీనివల్ల ఈ తుపాకీ ఒత్తకుంట పేలుతది. మంచె దిగంగ కర్ర నిచ్చెనకు తగిలినా చాలు, చెయ్యి జారి కింద వడ్డా చాలు. కాని ఆ దినం గట్లనే అయిందని నేను చెప్పలేను. నేను చూసినోణ్ణి కాదు. ఈ తుపాకీ ఏం చెయ్యగలదో గదే చెప్పగలను."

 ఆమె కూలిపోతుందని నేను కుర్చీ ముందుకు లాగాను. ఆమె కూర్చోలేదు. చేతిలో ఉన్న కంకణాన్ని చూసుకుంటూ ఉండిపోయింది.

"నోటితోని చంపిన అనుకున్న అన్నా" అంది చివరికి. "అప్పటిసంది నా నోరంటే నాకే భయం. పిల్లలను గూడ ఒక మాట అనలే, ఏమైతదోనని. ఇది చెయ్యి చేసిన పని. చెయ్యి మంచికే పోసింది. ఆయన సల్లగుండాలనే పోసింది. చేసింది నేనే అయితె మోస్త. ఆయన నన్ను ఇడ్సిపెట్టి పోయిండన్నది మోయశాతగాలే."

అప్పుడు ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్న ఏడుపు. కుర్మయ్య మాటలన్నీ మరిచిపోయి బయటికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నాకూ కళ్ళు ఆగలేదు. ఈ పనిలో అంత బాధ నేనెప్పుడూ పడలేదు, అంత తృప్తీ పొందలేదు. రెండూ ఒకే రోజు ఎట్లా వచ్చాయో ఇప్పటికీ చెప్పలేను.

ఆ బంకను వెంటనే శుభ్రం చేయలేదు. ఫోటోలు తీసి ఠాణాకు కబురు పెడితే ఒక అధికారి వచ్చి చూసి, తట్టి చూపించమని అడిగి, రాసుకుని పోయాడు. ఆ తర్వాతే కిరసనాయిలుతో కడిగాను. కడిగాక ఎంత తట్టినా సుత్తి పడలేదు. తుపాకీలో దోషం ఏమీ లేదన్నమాట. మొదటి రోజే నేను గుడ్డ తీసుకుని ఉంటే, ఆ కర్ర విప్పి శుభ్రంగా కడిగి ఆ తర్వాత పరీక్షకు కూర్చుని ఉంటే, ఇది ఒత్తకుండా పేలే తుపాకీ కాదమ్మా అని ఖచ్చితంగా చెప్పి పంపేవాడిని.  ఆ తుపాకీని కొనేవాళ్ళకు అంతా చెప్పే అమ్మాను. మొదట వచ్చినాయన విని లేచిపోయాడు. తర్వాత నాగర్‌కర్నూల్ వైపు రైతు ఒకాయన అన్నీ విని, నూనె ఎట్లా పెట్టాలో నేర్చుకుని, తీసుకుపోయాడు.

ఆ రోజు వెళ్ళబోతూ ఆమె గడప దగ్గర ఆగింది.

"ఈ నూనె ముచ్చట నువ్వు ఎవలకు చెప్తవన్నా?"

"కొనేటోళ్ళకు చెప్తం చెల్లె. అందరికీ చెప్తం."

"మొగోళ్ళకు చెప్తె మా దాంక వస్తదా? మా ఇంటాయనకు గూడ ఎవలో చెప్పే ఉంటరు. నూనె పోసేది మేము గద. మాకు చెప్పు." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "నా పేరు పెట్టి చెప్పు. ఊకె చెప్తె ఎవలు ఇనరు."

అందుకే ఆమె పేరు దాచకుండా రాశాను.

ఇప్పుడు దుకాణం లేదు. దసరా దగ్గర పడుతుంటే మాత్రం నాకు తెలిసిన ఇళ్ళకు ఫోను చేస్తాను. మగవాళ్ళు ఎత్తితే, జర ఇంట్లోవాళ్ళకు ఇయ్యమంటాను. వాళ్ళతో నీకేం పని అని మొదట్లో ఒకరిద్దరు కయ్యానికి వచ్చారు, ఇప్పుడు అలవాటుపడ్డారు. మీరు ఈ పనిలోకి వస్తే గొట్టాలు తట్టడం, లివర్ చూడడం ఎట్లాగూ నేర్చుకుంటారు. ఈ ఫోను చేయడం కూడా మీ పనేనని గుర్తుంచుకోండి. పోయిన దసరాకు వనపర్తిలో ఒక కొత్త కోడలు ఫోను ఎత్తింది. నేను చెప్పిందంతా విని, చివరికి ఒక్కటే అడిగింది.

"ఆమె మల్ల దసర చేస్తదా సార్?"

కుర్మయ్య అప్పుడప్పుడు చెబుతుంటాడు కాబట్టి నాకు తెలుసు.

"చేస్తది బిడ్డా" అన్నాను. "కొడవలికి, నాగలికి బొట్టు పెడ్తది. నూనె మాత్రం దీపంల వరకే పోస్తది."